పుదుచ్చేరి పంక్తిలో పరదేశులు

1745 నవంబరు 30, సెయింట్ ఆండ్రూ పండుగ. పుదుచ్చేరి కోటకు పడమటి దిక్కున ఉన్న ఒళుకరైలో ఆ రోజు పెద్ద విందు జరిగింది. పెట్టినవాడు ఫ్రెంచి కంపెనీ పెద్ద దుబాసీ కనకరాయ ముదలియారు. చనిపోయిన కొడుకు జ్ఞాపకార్థం ఆయన ఆ ఊళ్లో చర్చి కట్టించాడు. దుబాసీ గారు క్రైస్తవుడే అయినా పిలుపులు క్రైస్తవులతో ఆగలేదు. బ్రాహ్మణులు, వెళ్లాలులు, కోమట్లు, చెట్టియార్లు, కంసాలులు, నేతపనివాళ్లు, నూనె వర్తకులు, చివరికి తెల్లదొరలు కూడా వచ్చారు. ఇందరికీ ఒక్క పొయ్యి మీద వండితే ఎవరూ ముట్టరని ముదలియారుకు తెలుసు. అందుకని సత్రాల్లోనూ తోటల్లోనూ బ్రాహ్మణ వంటవాళ్లను పెట్టి వండించాడు. వెళ్లాలులకు అగంబడియార్ల ఇళ్లలో వంట సాగింది. దొరల భోజనం మాత్రం పుదుచ్చేరిలోనే తయారై ఒళుకరైకి వచ్చింది. వాళ్లు కూర్చోవడానికి బల్లలు తెప్పించి వేశారు. గవర్నరు డూప్లే భార్యతో, కౌన్సిలు సభ్యులతో వచ్చి సాయంత్రం 5 గంటల దాకా ఉన్నాడు.

ఇంత వివరంగా ఈ సంగతి మనకు చేరిందంటే ఆనంద రంగ పిళ్లై పుణ్యమే. 1736 సెప్టెంబరులో మొదలుపెట్టి, బతికున్నంత కాలం దాదాపు ఎడతెగకుండా తమిళంలో ఆయన రాసుకున్న దినచర్య 18వ శతాబ్దపు పుదుచ్చేరికి కిటికీ లాంటిది. దాని ఇంగ్లీషు అనువాదం 1904 నుంచి పన్నెండు సంపుటాలుగా మద్రాసులో అచ్చయింది. ఒళుకరై విందు గురించి రాస్తూ పిళ్లై చివర ఒక చురక అంటించాడు. అంత డబ్బు పోసినా, అన్ని ఏర్పాట్లు చేసినా ఆ వైభవానికి ఏదో లోటు పడిందట. ఏ మతం వాళ్లు ఆ మతం కట్టుబాటుకు నిలబడితేనే చూడ్డానికి బాగుంటుందట. క్రైస్తవుడి ఇంటి వేడుకలో హిందువుల తీరున పంక్తులు తీర్చడం ఆయనకు నచ్చలేదు. ఈ మాటను పూర్తిగా నమ్మనక్కర్లేదు. పిళ్లైకీ ముదలియారుకీ మధ్య పదవి పోటీ చాలాకాలంగా ఉంది. మూడు నెలలు తిరక్కుండానే, 1746 ఫిబ్రవరిలో, ముదలియారు చనిపోయాడు. తర్వాత పిళ్లై పెద్ద దుబాసీ అయ్యాడు. అయినా ఆ వ్యాఖ్యలో అసూయతో పాటు ఒక నిజమూ ఉంది. తిండి రకాల సంగతి ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఆయన కన్నంతా కూర్చోవడం మీదే ఉంది. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరి చేతి వంట తిన్నారు, ఎవరి ఎదుట తిన్నారు అన్నవే ఆయన లెక్కలు. నా లెక్కా అదే. పుదుచ్చేరికి పరదేశి వంట రావడం ఎప్పుడూ కష్టం కాలేదు. పరదేశి పక్కన కూర్చుని తినడానికే శతాబ్దాలు పట్టింది.

విందుకు కాస్త ముందు, 1745 అక్టోబరులోనే, ఊళ్లోని చర్చిలో గోడ గొడవ జరిగింది. లోపల ఉత్తరం వైపు ఒక అడ్డుగోడ ఉండేది. దానికి ఒక పక్కన పరయ క్రైస్తవులు, మరో పక్కన తక్కినవాళ్లు కూర్చుని ప్రార్థన చేసేవారు. మేమూ మీ శిష్యులమే కదా, మాకెందుకు ఈ భేదమని ఆ క్రైస్తవులు పాదిరీలను నిలదీశారు. గోడ కూలింది, ఊళ్లో రభస రేగింది. ప్రార్థనకే గోడ కావలసిన ఊళ్లో భోజనానికి ఎన్ని గోడలు కావాలో ముదలియారు వేసిన లెక్కలో తప్పేమీ లేదు.

ఒళుకరై అతిథుల జాబితాలో కోమట్లు కనబడగానే తెలుగువాడి చూపు అక్కడ ఆగుతుంది. కోరమండలం తీరం పొడవునా బట్టల వర్తకంలో తెలుగు వ్యాపారులు ఉన్నారు, పుదుచ్చేరి దానికి మినహాయింపు కాదు. మహాత్మా గాంధీ రోడ్డులోని కన్యకా పరమేశ్వరి గుడి ఈ ఊళ్లో వైశ్యుల ఉనికికి నేటికీ సాక్ష్యం. పిళ్లై తమిళుడే అయినా ఆయన కొలువులో తెలుగు పద్యానికి పెద్దపీట దక్కింది. కస్తూరి రంగకవి తన లక్షణ గ్రంథానికి ఆయన పేరే పెట్టి ‘ఆనందరంగరాట్ఛందం’ అన్నాడు. పుదుచ్చేరి దుబాసీ పేరు తెలుగు ఛందశ్శాస్త్ర చరిత్రలో నిలిచిపోవడం చిత్రమే. ఆ కాలపు దక్షిణదేశంలో తమిళ ప్రభువు తెలుగు కవిని పోషించడం మాత్రం మామూలు సంగతి.

పిళ్లైకి గవర్నరు బంగళాలో ప్రత్యేక మర్యాదలుండేవి. వాద్యాలతో పల్లకీ మీద ముంగిటి దాకా వెళ్లవచ్చు, బంగారు పొన్ను చేతికర్ర పట్టుకోవచ్చు, దొర ఎదుట చెప్పులు విప్పనక్కర్లేదు. చెప్పుల సంగతి గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది. ఇన్ని మర్యాదలున్న మనిషికి కూడా దొరతో వ్యవహారమంతా నజరానాలు, తాంబూలం, పన్నీరు, మాటలతోనే నడిచేది. ఆయన ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. కింద తమిళ పద్ధతి టేకు స్తంభాలు, పై అంతస్తులో ఐరోపా తరహా సున్నపు స్తంభాల వరస. ఆ ఇంట్లో రెండు నిర్మాణ శైలులు ఒకే కప్పు కింద ఇమిడాయి, రెండు పంక్తులు మాత్రం ఇమడలేదు.

మరి దొరల బల్ల మీద వంటలు చేసిందెవరు? 1792లో పుదుచ్చేరికి వచ్చి మూడు దశాబ్దాలు దక్షిణదేశంలో గడిపిన ఫ్రెంచి మతగురువు అబ్బే దుబ్వా దీనికి నిష్కర్షగా జవాబిచ్చాడు. యూరోపియన్లు ఇళ్లలో పరయ కులస్థులనే పనికి పెట్టుకోక తప్పదు, తక్కిన కులాలవాళ్లు ఆ పనులు చేయరు, గొడ్డుమాంసం వండడం అందులో మొదటిది అన్నాడు. అంతటితో ఆపలేదు. పరయల చేతి వంట తినడం వల్లే హిందువుల కళ్లలో దొరలు చులకనవుతున్నారని కూడా అన్నాడు. అంటే పుదుచ్చేరిలో ఫ్రెంచి వంట నేర్చిన తొలి స్థానికులు నేడు దళితులంటున్న మనుషులే. సాసు చిక్కబరచడం, మాంసాన్ని సారాయిలో నానబెట్టడం, రొట్టె కాల్చడం వాళ్ల చేతిమీదుగానే ఈ నేలకు అలవాటయ్యాయి. వాళ్ల పేర్లు ఏ దినచర్యలోనూ లేవు. పుదుచ్చేరి వంటను పొగిడే నేటి వ్యాసాల్లో ‘ఫ్రెంచి ప్రభావం’ అనే మాట ఒక్కటే కనబడుతుంది, గరిట పట్టినవాళ్లు కనబడరు.

ఈ ఫ్రెంచి వంట కన్నా ఎంతో ముందు, రెండు వేల ఏళ్ల కిందట, వచ్చింది ద్రాక్షసారాయి. ఊరికి దక్షిణాన, అరియాంకుప్పం ఏటి ఒడ్డున ఉన్న అరికమేడు అనే పాత రేవు దిబ్బ సంగతి చాలామందికి తెలుసు. 1944లో భారత పురావస్తు శాఖ అధిపతిగా వచ్చిన మార్టిమర్ వీలర్ మద్రాసు మ్యూజియంలో ఒక బీరువా తెరిచి చేయి పెట్టగా ఒక పాత్ర మెడ, పొడుగాటి చెవి చేతికి తగిలాయి. మన కుండల చెవులు అలా ఉండవు. అది మధ్యధరా సముద్రతీరాల్లో సారాయి నింపి ఓడలకెక్కించే ఆంఫొరా ముక్క, పుదుచ్చేరి నుంచి వచ్చిందే. మరుసటి ఏడాది వీలర్ అక్కడ తవ్వకాలు చేయించాడు. ఆ తర్వాత ఫ్రెంచివాడు కజాల్, 1989 నుంచి 1992 దాకా విమలా బెగ్లీ బృందం తవ్వారు. ఇటలీ నుంచి వచ్చిన నున్నటి ఎర్ర కంచాల ముక్కలు, దేశవాళీ నల్ల కంచాలు, తమిళ బ్రాహ్మీ రాతలున్న పెంకులు బయటపడ్డాయి.

ఆంఫొరాలను పరిశీలించిన ఎలిజబెత్ లైడింగ్ విల్ వాటిలో ఎక్కువ భాగం గ్రీకు దీవి కాస్‌కు చెందిన సారాయి జాడీలని తేల్చింది. కాస్ దీవిలో నిలబడి చూస్తే ఎదురుగా కనబడే ఒడ్డు నేటి తుర్కియేది. కొన్ని జాడీలు క్నిడోస్‌వి. ఆ ఊరి శిథిలాలు నేటి తుర్కియేలోనే, దాచ్చా ద్వీపకల్పం కొసన ఉన్నాయి. స్పెయిన్ నుంచి ఊరబెట్టిన చేపల రసం, ఇస్ట్రియా నుంచి ఆలివ్ నూనె కూడా వచ్చాయి. కాస్ సారాయిలో సముద్రపు నీళ్లు కలిపేవారు. ఆ ఉప్పదనమే దానికి పేరు తెచ్చింది. జాడీ లోపలి గోడకు జిగురు పూత ఉంటుంది, మట్టి సారాయిని పీల్చకుండా. రెండు వేల ఏళ్ల తర్వాత కూడా కొన్ని పెంకుల లోపల ఆ నల్లటి పూత అంటుకునే ఉంది.

తుర్కియే నేల మీద పండిన ద్రాక్ష ఈ ఏటి ఒడ్డున గొంతు దిగింది, సరే. ఎవరి గొంతు? వీలర్‌కు సందేహం లేదు. ఇది యవన (గ్రీకు, రోమన్) వర్తకుల స్థావరం, తాగింది వాళ్లే. తర్వాతి పరిశోధకులు అంత ధీమాగా లేరు. యవనులు రాకముందూ వాళ్లు పోయిన తర్వాతా అక్కడ ఊరుంది, పనివాళ్లున్నారు, వర్తకులున్నారు. సంగం కవి నక్కీరర్ పాండ్యరాజును దీవిస్తూ, యవనులు తెచ్చిన చల్లని సువాసన మద్యాన్ని మెరిసే గాజుల చేతులు బంగారు పాత్రల్లో అందించగా తాగమని చెప్పాడు. కాబట్టి రాజులకు అది నిషిద్ధం కాదు. రేవులో మూటలు మోసినవాడు రుచి చూశాడో లేదో పెంకు చెప్పదు. వీలర్ తీర్పులో ఆయన కాలపు ఇంగ్లీషు క్లబ్బు వాసన కొంత ఉందని నా అనుమానం. విదేశీ సరుకున్న చోట విదేశీయులే బల్ల చుట్టూ కూర్చుని ఉంటారని ఆయన అనుకున్నాడు.

తురకదేశం పుదుచ్చేరిని రెండోసారి తాకింది కాఫీ ద్వారా, అదీ పారిస్ చుట్టూ తిరిగి. 1669లో ఆటోమన్ సుల్తాను దూత సులేమాన్ ఆగా పద్నాలుగో లూయీ దగ్గరికి వచ్చాడు. రాయబారం ఏమంత ఫలించలేదు. ఆయన విడిదిలో చిన్న పింగాణీ గిన్నెల్లో పోసిన కాఫీ మాత్రం పారిస్ గొప్పింటి ఆడవాళ్ల నోళ్లలో పడింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే సెయింట్ జెర్మెన్ సంతలో ఒక ఆర్మీనియన్ కాఫీ దుకాణం పెట్టాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1674లో, ఫ్రాన్స్వా మార్తాన్ పుదుచ్చేరిలో కంపెనీ కొఠీ నిలబెడుతున్నాడు. ఊరు పుట్టినప్పుడే కాఫీ అలవాటు కూడా ఓడలో వచ్చిందన్నమాట. గింజలు యెమెన్ రేవు మొఖా నుంచి రావాలి. ఆ వర్తకంలో బాకీల తగాదా ముదిరి 1737లో పుదుచ్చేరి గవర్నరు దూమా ఓడల దండును పంపి మొఖా మీద ఫిరంగులు పేల్పించాడు. బాకీ వసూలైంది. కాఫీ కోసం ఈ ఊరి నుంచి ఒక యుద్ధం వెళ్లిందని నేడు బీచి రోడ్డు మీద కప్పు పట్టుకున్నవాళ్లలో ఎంతమందికి తెలుసు!

ఇక్కడ చిన్న పక్కదారి. ఆటోమన్ అన్న మాట తెలుగువాళ్లకు పుస్తకాల్లోది కాదు. 1931లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో నిజాం కొడుకులు ఇద్దరు ఆ వంశపు రాకుమార్తెలు దుర్రు షెహ్వార్‌ను, నీలోఫర్‌ను పెళ్లాడారు. హైదరాబాదు నీలోఫర్ ఆస్పత్రి పేరు ఆమెదే. ఆ దారి రాజులది, మన కథ వీధిది.

1761లో ఇంగ్లీషువాళ్లు పుదుచ్చేరిని నేలమట్టం చేశారు. పిళ్లై ఆ జనవరిలోనే, ఊరు పడిపోవడానికి కొద్ది రోజుల ముందు కన్నుమూశాడు. ఊరు మళ్లీ లేచింది. కాలువకు తూర్పున తెల్లవాళ్ల పట్టణం, పడమర నల్లవాళ్ల పట్టణం, మధ్యలో వంతెనలు. ఆ తర్వాత నూరేళ్లు పంక్తుల కథలో చెప్పుకోదగ్గది తక్కువ.

మార్పు కాళ్ల నుంచి మొదలైంది. 1873లో పొన్నుతంబి పిళ్లై అనే న్యాయవాది దేశవాళీ దుస్తుల మీద ఐరోపా బూట్లు తొడుక్కుని కోర్టుకు వెళ్లాడు. న్యాయమూర్తులు అభ్యంతరం చెప్పి జరిమానా వేశారు. నూరేళ్ల కిందట ఆనంద రంగ పిళ్లైకి గవర్నరు దయగా దక్కిన మర్యాదను ఈయన హక్కుగా అడిగాడు. వ్యవహారం పారిస్ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది, ఆయనే గెలిచాడు. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీతో భారతీయులు తమ కులమత ధర్మశాస్త్రాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరచట్టం కిందికి రావచ్చని తేలింది. పొన్నుతంబి ముందు వరసలో నిలబడి లాపోర్త్ అనే ఇంటిపేరు తీసుకున్నాడు. ఆయన వెనక వచ్చినవాళ్లలో క్రైస్తవులు, దళితులు ఎక్కువ. వంటింట్లో ఫ్రెంచి వంట చేసినవాళ్ల మనవలు కాగితం మీద ఫ్రెంచి పౌరులయ్యారు. బూట్లు వచ్చాక కుర్చీ, కుర్చీ వచ్చాక బల్ల, బల్ల మీద ముళ్ల చెంచా వరసగా వచ్చాయి.

ఆ కాగితం చాలామందిని ఇండోచైనాకు తీసుకెళ్లింది. సైగాన్‌లో గుమాస్తాలుగా, సిపాయిలుగా, పన్ను వసూలుదార్లుగా పనిచేసి, కొందరు అక్కడే పెళ్లిళ్లు చేసుకుని, 1950ల తర్వాత కుటుంబాలతో తిరిగొచ్చారు. పుదుచ్చేరి క్రైస్తవ ఇళ్లలో పండుగపూట వియత్నాం చుట్టలు వేగడం అప్పటి నుంచీ ఉంది. ‘చాయో’ అంటారు వాటిని. అదే బల్ల మీద బూయాబేస్ పేరుతో చేపల పులుసు ఉంటుంది. దానిలో పసుపు, కొబ్బరిపాలు పడతాయి గనుక ఆ వంట పుట్టిన మార్సెయ్ ఊరివాడు గుర్తుపట్టడు. లూర్ద్ తిరువాన్జియమ్ లూయీ ఈ ఇళ్ల వంటలను ఇంగ్లీషులో పుస్తకంగా కూర్చింది. ఎదురు దిశలోనూ ఒకటి ప్రయాణం చేసింది. ఉల్లి, వెల్లుల్లి, మినప్పప్పు, ఆవాలు, మెంతులు, కరివేపాకు కలిపి దంచి, ఆముదం రాసి ఉండలు కట్టి, రోజుల తరబడి ఎండబెట్టే తాలింపు వడియం ఫ్రెంచి వంటగాళ్ల దగ్గర ‘వాదువాన్’ అయింది. ఇప్పుడు పెద్ద పెద్ద హోటళ్లలో సముద్రపు చేప మీద దాన్ని చిటికెడు చల్లి గొప్పగా వడ్డిస్తారు. మినప్పప్పు వాసన తెలిసినవాడికి నవ్వు రాకుండా ఉండదు.

పంక్తి విరిగిన చోట్లు మరో రెండు మూడున్నాయి. 1908 నుంచి 1918 దాకా ఇక్కడ తలదాచుకున్న సుబ్రహ్మణ్య భారతి కనకలింగం అనే దళిత యువకుడికి ఉపనయనం చేసి, కులం చూడకుండా కలిసి తిన్నాడు. 1910 ఏప్రిల్‌లో వచ్చిన అరవిందుల చుట్టూ పెరిగిన ఆశ్రమంలో భోజనశాల ఒకటే, వరస ఒకటే. 1950ల చివర్లో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసేస్తే పని పోయినవాళ్లు కమ్యూనిస్టు నాయకుడు ఏ.కే. గోపాలన్ అండతో సహకార సంఘాలు కట్టి దేశమంతటా వాటిని తిరిగి తెరిచారు. పుదుచ్చేరి నెహ్రూ వీధిలోనూ అలాంటి కాఫీ హౌసు నిలిచింది. యాన్ మార్టెల్ నవల ‘లైఫ్ ఆఫ్ పై’ ముందుమాటలో ఆ కాఫీ హౌసు కనబడుతుంది. తమిళ పట్టణాల కాఫీ హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది ఉండే రోజులు అప్పటికి మరీ పాతబడలేదు. తలపాగా పెట్టుకున్న సర్వరు ఎవరు వచ్చినా అదే కప్పులో అదే కాఫీ పెట్టడం ఎంత పెద్ద మార్పో ఆ లెక్కన తూచాలి.

1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన ఫ్రెంచివాళ్ల నుంచి భారత్ చేతికి మారింది. 1962 ఆగస్టు 16న ఆ అప్పగింత ఒప్పందం చట్టబద్ధమైంది. ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకోదలచినవాళ్లకు ఆరు నెలల గడువిచ్చారు. సుమారు 5,000 మంది ఫ్రాన్స్‌ను ఎంచుకున్నారు. వాళ్లలో, వాళ్ల పిల్లల్లో చాలామంది పారిస్ చేరారు. 1970ల తొలినాళ్లలో ఆంత్వాన్ పొన్నుస్వామి అనే పుదుచ్చేరివాసి పారిస్ పదో వార్డులో, 1828 నాటి గాజు కప్పు సందు పాసాజ్ బ్రాదీలో భారతీయ సరుకుల దుకాణం, ఆపైన భోజనశాల పెట్టాడు. కొన్నేళ్లకు ఆ సందంతా మసాలా వాసనే. ఫ్రెంచివాళ్లు వచ్చి కూర్చుంటే పుదుచ్చేరివాళ్లు వండి వడ్డించారు. ఈసారి గల్లాపెట్టె మాత్రం వండినవాళ్లదే.

ఆ సందు ఒక కొస ఫోబూర్ సేన్ దెనీ వీధిలోకి తెరుచుకుంటుంది. 1965లో ఫ్రాన్స్, తుర్కియే కూలీల ఒప్పందం చేసుకున్నాక అనటోలియా నుంచి వచ్చినవాళ్లలో కొందరు ఈ చుట్టుపక్కల బట్టల కార్ఖానాల్లో కుట్టుపనికి చేరారు. వాళ్ల ఆకలి తీర్చడానికి తురకల భోజనశాలలు లేచాయి. పుదుచ్చేరి మనిషికి పరదేశంలో తురకల హోటలు అంటే ఇక్కడే, తన సందు దాటి నాలుగడుగులు వేస్తే. నిలువు ఇనుప చువ్వకు గుచ్చిన మాంసం నెమ్మదిగా తిరుగుతూ అంచుల్లో కాలుతుంటుంది. పొడుగు కత్తితో పైపొరను చెక్కి రొట్టెలో సర్దుతారు. బొగ్గు మీద కాల్చిన పచ్చిమిరపకాయ పక్కన పెడతారు. ఈ మిరపకాయ ఒక్కటి చాలు మనవాడికి ఆ హోటలు పరాయిది కాకుండా పోవడానికి. భోజనం తర్వాత నడుము సన్నగా ఉన్న గాజు గ్లాసులో పాలు లేని టీ. పక్క బల్ల మీద కుర్దు దర్జీ, ఎదుటి బల్ల మీద మాలీ దేశస్థుడు. ఎవరికీ వేరే వంట లేదు. అడిగే ప్రశ్న ఒక్కటే మిగిలింది, ఏ మాంసమని. కోడి కావాలన్నవాడికి కోడి, పశుమాంసం కావాలన్నవాడికి అది, ఒకే బల్ల మీద.

ఇప్పుడు పుదుచ్చేరిలో సాయంత్రమైతే వీధి బళ్ల మీద అలాంటి చువ్వలే తిరుగుతున్నాయి. నెల్లూరు, తిరుపతి, చెన్నై నుంచి వారాంతానికి వచ్చిన తెలుగు కుర్రకారు, తెల్ల పట్టణపు భోజనశాల ధరల పట్టిక చూసి వెనక్కి తగ్గి, ఆ బళ్ల దగ్గర నిలబడి షవర్మా తింటారు. దాన్ని ఫ్రెంచి వారసత్వం ఖాతాలో రాయాలన్న ఉబలాటం పర్యాటక కరపత్రాలకు ఉంటుంది గానీ దారి అటు కాదు. 19వ శతాబ్దంలో తుర్కియేలోని బుర్సా ప్రాంతంలో నిలువు చువ్వ ఎక్కిన మాంసం అరబ్బు దేశాలకు దిగి, గల్ఫు చేరి, అక్కడ పనికి వెళ్లిన మలయాళీల చేతుల్లో కేరళకు, అక్కడి నుంచి తమిళ తీరానికి వచ్చింది. హైదరాబాదు బార్కస్ యెమెనీల మందీ తెలుగు జిల్లాలకు పాకిన దారి కూడా గల్ఫు వైపుదే. పుదుచ్చేరి షవర్మా చరిత్ర రాయదలచినవాళ్లు పారిస్ దస్తావేజులు తిరగేసే కన్నా దుబాయి వంటశాలల్లో పనిచేసి వచ్చినవాళ్లను పలకరిస్తే మేలు.